కన్ను తెల్లబడితే జబ్బు తగ్గినట్టేనా?

(పాడేరులో మహిళా సంఘాల కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కుల మీద మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, బహుశా బాలింత మరణాల గురించో రక్తహీనత గురించో డోలీ మోతల గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోయించుకుని, పక్కన నడిచి వెళ్లినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నేను ఇవాళ పిల్లల కళ్ల దురద గురించి మాట్లాడతాను.

కొందరు నవ్వుతున్నారు. నాలుగేళ్ల కిందట నేనూ ఇలాగే తేలిగ్గా తీసుకున్నాను. ఆ సంగతే ముందు చెబుతాను.

అప్పుడు హుకుంపేట మండలంలో ఒక ఊళ్లో ఉండి ఆడవాళ్ల పనిగంటల లెక్క రాస్తున్నాను. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎవరు ఏ పని ఎంతసేపు చేశారో పక్కనే ఉండి రాసుకోవడం నా పని. నీళ్లకు ఇంత, కట్టెలకు ఇంత, వంటకు ఇంత, కాఫీ తోటలో ఇంత, చోళ్లు విసరడానికి ఇంత. ఒక ఇంట్లో మాత్రం లెక్క ఎంతకీ కలవలేదు. రోజూ రెండు గంటలకు పైగా ఎటు పోతోందో తెలియలేదు. నాకే రాసుకోవడం చేతకావడం లేదేమో అనుకున్నాను. మూడో రోజున గమనించాను. ఆమె ఏ పని మధ్యలోనైనా లేచి వెళ్లి తొమ్మిదేళ్ల కొడుకు దగ్గర కూర్చుంటోంది. పొద్దున్నే రెప్పలు అంటుకుపోయి ఉంటాయి. గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి విడదీస్తుంది. పుసి మామూలు పుసి కాదు, వేలితో లాగితే బంక దారంలా సాగుతుంది. అది తుడుస్తుంది. తడిగుడ్డ పిండి కళ్ల మీద వేస్తుంది. వాడు రెండు పిడికిళ్లతో కళ్లు నలుపుకుంటుంటే చేతులు పట్టుకుంటుంది. రాత్రి వాడి చేతులు తన ఒళ్లో బిగించి పట్టుకునే నిద్రపోతుంది, నిద్రపోతే. ఇవన్నీ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "అది పనేటి మేడం? గుంటడి కళ్లు తుడవడమే గదా" అంది.

ఆ పిల్లవాడు ఆశ్రమ పాఠశాల నుంచి తిరిగొచ్చాడు. కళ్లకలక అందరికీ అంటుకుంటుందని ఇంటికి పంపేశారు. నీడలో కూర్చున్నా తలమీద తువ్వాలు కప్పుకునే ఉండేవాడు. వెలుతురు చూడలేడు. బళ్లో ఉన్నప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేవాడట. పంతులు దాన్ని మొండితనం అనుకున్నాడు.

ఆమె గూట్లోంచి ఒక చిన్న ప్లాస్టిక్ సీసా తీసి చూపించింది. "ఇదేస్తే రెండ్రోజుల్లో తెల్లగైపోతాయి కళ్లు. ఆపితే మళ్లీ ఎర్రగైపోతాయి. అందుకే ఆపడం నేదు." సీసా అయిపోయినప్పుడల్లా ఖాళీ సీసా పట్టుకుని సంతకు వెళ్లి, అలాంటిదే మరొకటి కొనుక్కొస్తుంది. పసుపు అమ్మిన డబ్బుల్లోంచి అందుకోసం కొంత విడిగా దాచుకుంది. నేను సీసా మీద పేరైనా చదవలేదు. "బాగా చూసుకుంటున్నావు" అని మెచ్చుకున్నాను. సామాజిక శాస్త్రంలో డాక్టరేటు ఉన్నదాన్ని, ఇంగ్లీషు చదవడం వచ్చినదాన్ని, ఆ ఊళ్లో ఆ సీసా మీది అక్షరాలు చదవగలిగిన ఒకే ఒక్క ఆడమనిషిని. చదవలేదు.

రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాను. పిల్లవాడికి పదకొండేళ్లు వచ్చాయి. కళ్లు మల్లెపువ్వుల్లా తెల్లగా ఉన్నాయి. కానీ గట్ల మీద నడుస్తూ పడిపోతున్నాడు. పక్కనుంచి మేక వస్తే చూసుకోడు. సంతలో మనుషుల్ని గుద్దుకుంటూ పోతున్నాడు. పొగరెక్కిందని తండ్రి కొట్టాడు కూడా. విశాఖలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే, గ్లాకోమా అన్నారు. మన పాత మాటల్లో నీటికాసులు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో మధ్యలో కొద్దిగా, గొట్టంలోంచి చూసినట్టు, చూపు మిగిలింది. జబ్బు చేసిన పని కాదది. సీసా చేసింది.

ఇక జబ్బు సంగతి. డాక్టర్లు దీన్ని వెర్నల్ కెరటో కంజంక్టివైటిస్ అంటారు, పొట్టిగా వీకేసీ. వెర్నల్ అంటే వసంతకాలానిది అని. పేరు పెట్టింది యూరప్ వాళ్లు. వాళ్లకు చలి తగ్గి పూలు పూసే రోజుల్లో కనిపించింది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. నిజానికి ఇది వేడి, పొడిగాలి, దుమ్ము ఉన్న దేశాల్లోనే ఎక్కువ. మధ్యధరా తీరం, పశ్చిమాసియా, ఆఫ్రికా, మన దేశం. మన దగ్గర మామిడి పూత రాలి ఎండ ముదిరే వేళకు మొదలై, తొలకరి పడేదాకా పీడిస్తుంది. చాలామంది పిల్లలకు ఏడాది పొడుగునా ఉండి, ఎండాకాలంలో రెచ్చిపోతుంది. సాధారణంగా పదేళ్లలోపు మొదలవుతుంది. ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉండి, ఎక్కువమందిలో యుక్తవయసు వచ్చాక దానంతటదే సద్దుమణుగుతుంది.

ఇది అలర్జీ. అంటే పుప్పొడి, దుమ్ము, దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు, ఇలాంటివి తగిలినప్పుడు ఒంట్లో రక్షణ కోసం ఉన్న ఏర్పాటే అతిగా స్పందించడం. అంటువ్యాధి కాదు. ఒకరి నుంచి ఒకరికి రాదు. ఈ ఒక్క ముక్క హాస్టల్ వార్డెన్లకు తెలిస్తే ఎంతమంది పిల్లలు బడి మానకుండా ఉంటారో ఆలోచించండి. పొగ ఈ జబ్బుకు మూలం కాదు గానీ మండుతున్న కంటిని ఇంకా మండిస్తుంది. మూడు రాళ్ల పొయ్యి, కిటికీ లేని ఇల్లు, రోడ్డు పనుల ఎర్రదుమ్ము, ఇవన్నీ మన పిల్లల కళ్ల మీద పడేవే.

పిల్లవాడి పై రెప్పను డాక్టరు తిరగేసి చూపిస్తే నాకు ఒళ్లు జలదరించింది. మనకు ఇక్కడ సీతాఫలాలు కొదవ లేదు కదా, అచ్చం ఆ కాయ తొక్కలా గడ్డలు గడ్డలుగా ఉంది లోపలివైపు. రెప్ప కొట్టినప్పుడల్లా ఆ గరుకు నల్లగుడ్డు మీది పొరను గీరుతూ ఉంటుంది. జబ్బు ముదిరితే ఆ పొర మీద డాలు ఆకారంలో పుండు పడుతుంది. మచ్చ మిగిలితే చూపు తగ్గుతుంది. ఏళ్ల తరబడి నలుపుకోవడం వల్ల కొందరికి ఆ పొర పలచబడి శంఖువులా ముందుకు పొడుచుకొస్తుంది. దాన్ని కెరటోకోనస్ అంటారు. అంతవరకూ వస్తే మామూలు కళ్లద్దాలు సరిపోవు. కాబట్టి దురదే కదా అని వదిలేయడానికి లేదు. అలాగని భయపడిపోవాల్సిన పనీ లేదు. సరిగ్గా చూసుకుంటే ఈ జబ్బు ఉన్న పిల్లల్లో అత్యధికులు మంచి చూపుతోనే పెద్దవాళ్లవుతారు.

సరిగ్గా చూసుకోవడం అంటే ఏమిటన్నదే ప్రశ్న.

అలర్జీని అణిచే చుక్కల మందులున్నాయి. ఓలోపటడిన్, సోడియం క్రోమోగ్లైకేట్ లాంటివి. ఇవి దీర్ఘకాలం వాడినా కంటికి హాని చేసేవి కావు. కానీ వాటిలో ఒక చిక్కుంది. క్రోమోగ్లైకేట్ లాంటి మందు గుణం కనపడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. దురద ఉన్నా లేకపోయినా రోజూ, కొన్నయితే రోజుకు మూడు నాలుగు సార్లు, నెలల తరబడి వెయ్యాలి. కంటిని తడిగా ఉంచే చుక్కలుంటాయి. చల్లటి తడిగుడ్డ నిజంగానే మేలు చేస్తుంది. ఆ తల్లి ఎవరూ చెప్పకుండానే చేస్తున్నది సరైన వైద్యమే. నీళ్లు కాచి చల్లార్చినవైతే చాలు. అంచు ఉన్న టోపీ కూడా మందులాంటిదే. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు సైక్లోస్పోరిన్ చుక్కలు, టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఉన్నాయి. అవి మొదట్లో మండుతాయి, ఖరీదూ ఎక్కువే, కంటి డాక్టరు చూసే రాయాలి.

ఇవి కాక స్టెరాయిడ్ చుక్కలు. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వగైరా. వీటిని విషం అని చెప్పి వెళ్లడం నా ఉద్దేశం కాదు. నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉన్నప్పుడు కంటిని కాపాడేవి ఇవే. డాక్టరు కొద్ది రోజులకు రాసి, మెల్లగా తగ్గించి, ఆపేస్తారు. వాడుతున్నంతకాలం కంటిలోపలి ఒత్తిడి కొలుస్తూ ఉంటారు. ఎందుకంటే కొందరి కళ్లల్లో స్టెరాయిడ్ పడగానే లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని నలిపేస్తుంది. పిల్లల్లో ఇది త్వరగా జరుగుతుంది. నరం ఒకసారి చస్తే తిరిగి రాదు. ఇది కాక స్టెరాయిడ్ వల్ల చిన్న వయసులోనే శుక్లాలూ వస్తాయి.

ఇందులో మోసం ఎక్కడుందో చూడండి. ఒత్తిడి పెరుగుతున్నప్పుడు చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పైపెచ్చు కన్ను తెల్లగా, అందంగా ఉంటుంది. పిల్లవాడు నవ్వుతూ తిరుగుతుంటాడు. చూపు ముందు పక్కల నుంచి పోతుంది. పిల్లలకు తాము ఏం చూడటంలేదో తెలియదు. ఎర్రగా ఉన్నన్నాళ్లూ భయపడిన తల్లి, తెల్లబడగానే ఊపిరి పీల్చుకుంటుంది. ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

ఇది ఏదో ఒక ఊళ్లో ఒక పిల్లవాడికి జరిగిన దురదృష్టం కాదు. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 1992 నుంచి 2009 దాకా తమ దగ్గరికొచ్చిన నాలుగు వేల పైచిలుకు వీకేసీ రోగుల రికార్డులు పరిశీలించి రాశారు. వందకు ఇద్దరికి పైగా స్టెరాయిడ్ వల్ల గ్లాకోమా వచ్చింది. అలా వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది అప్పటికే రెండు కళ్లూ పోగొట్టుకున్నారు. వందకు ఇద్దరంటే తక్కువేగా అని ఎవరైనా అంటే, నేను ఒప్పుకోను. వీళ్లెవరూ జబ్బు వల్ల గుడ్డివాళ్లు కాలేదు. మందు వల్ల అయ్యారు. ఒత్తిడి కొలిచి ఉంటే చాలావరకు ఆపగలిగిన గుడ్డితనం అది.

ఇక ఈ సీసా సంతకు ఎలా వచ్చింది? చట్టం లేక కాదు. 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్ ప్రకారం స్టెరాయిడ్ కంటిచుక్కలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అట్ట మీద ఆ సంగతి రాసే ఉంటుంది, ఇంగ్లీషులో. ఆ తల్లి మాతృభాష ఆదివాసీ ఒడియా. తెలుగు ఆమె సంతలో నేర్చుకుంది. పక్క ఊళ్లో కువి మాట్లాడే కొందు అక్కచెల్లెళ్లకు తెలుగు కూడా అంతంతమాత్రమే. ఎవరి కోసం రాసిన హెచ్చరిక అది?

చాలాసార్లు స్టెరాయిడ్ ఒంటరిగా రాదు. యాంటీబయాటిక్‌తో కలిపిన చుక్కలుగా వస్తుంది. అడిగినవాళ్లకు "కళ్లకలక మందు" అని ఇస్తారు. ఆర్ఎంపీలను తిట్టి చేతులు దులుపుకుందామంటే నాకు మనసొప్పదు. రాత్రి తొమ్మిదింటికి తలుపు తీసేది అతనే. రెండు రోజుల్లో గుణం కనపడకపోతే మళ్లీ అతని దగ్గరికి ఎవరూ రారు. రెండు వారాలకు పనిచేసే మందు అతనెందుకు ఇస్తాడు? కూలి మానుకుని పదే పదే రాలేని తల్లి మాత్రం రెండు వారాలు ఎందుకు ఆగుతుంది? ఆ ఊళ్లో మందు వేసే గురువును కూడా అడిగాను. ఆకు పసరు కంట్లో పోస్తే పుండు పడొచ్చు, అది మానమని చెప్పాలి. నందివర్ధనం పువ్వు రెప్పల మీద పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఆయన నాతో ఒక మాట అన్నాడు: "నా మందు పనిచెయ్యకపోతే కన్ను ఎర్రగానే ఉంటాది. జనానికి తెలుస్తాది." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ప్రభుత్వం కంటి జబ్బుల మీద ఏమీ చెయ్యలేదని నేను అనను. ట్రకోమా మీద 1963లోనే జాతీయ కార్యక్రమం మొదలైంది. 1970లో పిల్లలకు విటమిన్ ఏ మోతాదులు, 1976లో అంధత్వ నివారణ కార్యక్రమం వచ్చాయి. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ట్రకోమా ఇక భారతదేశంలో ప్రజారోగ్య సమస్య కాదని ధ్రువీకరించింది. మంచిదే. ఇవి దేశంలో ఎంతోమంది చూపు కాపాడాయి. కానీ వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఒక మోతాదు, ఒక ఆపరేషను, ఒక జత కళ్లద్దాలు. వచ్చి, ఇచ్చి, లెక్క రాసుకుని వెళ్లిపోవచ్చు. క్యాంపుకు సరిపోయే జబ్బులవి. ఏడెనిమిదేళ్లు పిల్లవాడితోపాటే ఉండే జబ్బు క్యాంపులో ఇమడదు.

2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటి వెలుగు పథకం మొదటి విడత బడి పిల్లలకే చేశారు. పరీక్ష ఎలా ఉంటుంది? గోడమీద అక్షరాల పట్టిక. కింది వరసదాకా చదివితే కన్ను బాగున్నట్టు లెక్క. వీకేసీ ఉన్న పిల్లవాడు జబ్బు నెమ్మదించిన రోజుల్లో పట్టిక మొత్తం చదివేస్తాడు. గ్లాకోమా మొదలైనవాడు కూడా చదివేస్తాడు, మధ్య చూపు చివరికి గానీ పోదు కాబట్టి. రెప్ప తిరగేసి చూసేవాళ్లు లేరు. "నువ్వు కంట్లో ఏం వేసుకుంటున్నావురా?" అని అడిగేవాళ్లు లేరు. ఆ ఒక్క ప్రశ్నకు యంత్రం అక్కర్లేదు.

ఇది ఎక్కువగా మగపిల్లల జబ్బు కదా, మహిళా సంఘాలకు దీనితో ఏం పని అని ఒక సభలో నన్ను అడిగారు. నిజమే, మగపిల్లల్లో ఇది ఆడపిల్లల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ కనపడుతుంది. నా జవాబు మొదట చెప్పిన లెక్కలోనే ఉంది. రోజుకు రెండు గంటలు. ఆ రెండు గంటలు తండ్రివి కావు. వాటిని ఏ పథకమూ లెక్కించలేదు, ఆమె కూడా లెక్కించుకోలేదు, పనిగంటలు రాయడానికే వెళ్లిన నేను మూడో రోజుదాకా చూడలేకపోయాను. పెద్ద డాక్టరు "రోజుకు నాలుగుసార్లు వెయ్యాలి" అని చీటీ రాసినప్పుడు, ఆ నాలుగుసార్లు ఎవరి చేతులు వేస్తాయో చీటీలో ఉండదు. ఆమె తోటకు వెళ్లిన రోజున పదమూడేళ్ల అక్క బడి మాని తమ్ముడి దగ్గర ఉంది. అదీ చీటీలో లేదు. చివరికి గ్లాకోమా అని తేలాక ఆ డాక్టరు, నర్సు, మొగుడు, అత్త అందరూ అడిగింది ఒకటే: "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?" ఆమె చేస్తున్నది అందరికంటే ఎక్కువ. మందు మానకుండా వేసింది.

ఆడపిల్లల సంగతీ చెప్పాలి. శరీర ధర్మంలోని తేడాల వల్లే మగపిల్లల్లో ఎక్కువని వైద్యులు అంటారు. దాన్ని నేను కాదనను. కానీ ఆసుపత్రి లెక్క అంటే ఆసుపత్రికి చేరినవాళ్ల లెక్క. అదే ఊళ్లో పదకొండేళ్ల పిల్ల ఒకతె కళ్లు నలుపుకుంటూ కనిపించింది. వాళ్లమ్మను అడిగితే, "పొయ్యి కాడ కూచుంటాది గదా మేడం, పొగ" అంది. రెప్ప తిరగేయిస్తే లోపల అవే గడ్డలు. పొయ్యి దగ్గర కూర్చోవడం ఆమె పని అనుకున్నప్పుడు, ఎర్రకన్ను కూడా ఆ పనిలో భాగమే అనుకుంటారు. ఎవరూ మందు కొనలేదు. ఆ కారణంగా స్టెరాయిడ్ బారిన పడకుండా బయటపడింది. దీనికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు నాకు.

మనం పాడేరు గురించి మాట్లాడేది ఎక్కువగా పెద్ద ఘటనలు జరిగినప్పుడే. 2007లో వాకపల్లి కొందు మహిళలకు అన్యాయం జరిగినప్పుడు వచ్చాం, నిజనిర్ధారణ చేశాం, కరపత్రాలు వేశాం. అవి చెయ్యాల్సినవే. కానీ మన పద్ధతి కూడా కొంత క్యాంపు పద్ధతే అయిపోయిందేమో అని నాకు అనుమానం. వచ్చి, రాసుకుని, వెళ్లిపోవడం. నేనూ అదే చేశాను. రెండేళ్లు ఆ ఊరి ముఖం చూడలేదు.

ఇప్పుడు ఏం అడగాలి? ముందుగా అడగాల్సింది మందు. స్టెరాయిడ్ కాని అలర్జీ చుక్కలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడుగునా ఉచితంగా దొరకాలి. నేను తిరిగిన కేంద్రాల్లో కళ్లకు ఉన్నది యాంటీబయాటిక్ చుక్కలే. ఎర్రకన్ను అంటే అవే చేతిలో పెడుతున్నారు. మంచి మందు ఊరికి పది కిలోమీటర్లలో దొరకనంతకాలం సంతలో సీసా మానమని చెప్పడం ఆ తల్లిని ఇంకోసారి తిట్టడమే అవుతుంది. 2022లో పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైంది, 2024లో వైద్య కళాశాల మొదలైంది. ఇక్కడ కంటి ఒత్తిడి కొలవడం వారంలో ఆరు రోజులూ జరగాలి, చింతపల్లి, అరకు, ముంచింగిపుట్టు లాంటి చోట్ల కనీసం నెలకోసారి సంత రోజున జరగాలి. సంత రోజున అని ఎందుకంటున్నానో మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజైతే కూలి పోదు. స్టెరాయిడ్ వాడుతున్న పిల్లవాణ్ని ఒక్క ఒత్తిడి పరీక్ష కోసం విశాఖ వెళ్లమంటే, వందకు పైగా కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, రెండు రోజుల కూలి, ఇంటి దగ్గర మిగతా పిల్లలు. వెళ్లదు. నేనైనా వెళ్లను.

ఆశ్రమ పాఠశాలల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అక్కడ తల్లి లేదు. చుక్కలు ఎవరు వెయ్యాలో రాసి ఉండాలి. బళ్లో ఉండే ఆరోగ్య కార్యకర్తకు ఈ జబ్బు గురించి ఒక పూట శిక్షణ చాలు. వీకేసీ అని డాక్టరు చెప్పిన పిల్లల్ని ఇంటికి పంపకూడదని ఐటీడీఏ నుంచి ఒక కాగితం రావాలి. మధ్యాహ్నం ఎండలో ప్రార్థనలో నిలబెట్టకుండా, కిటికీకి దూరంగా కూర్చోబెట్టడానికి కాగితం కూడా అక్కర్లేదు. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బళ్లకు వచ్చినప్పుడు రెప్ప తిరగేసి చూడాలని, ఏ చుక్కలు వాడుతున్నారో అడగాలని మనం పట్టుబట్టవచ్చు.

ఆశా చెల్లెళ్లు అడుగుతున్నారు, మేమేం చెయ్యగలం అని. ఎర్రకన్ను నెలకు మించి ఉంటే, లేదా పోయి పోయి మళ్లీ వస్తుంటే, అది మామూలు కళ్లకలక కాదని గుర్తుపట్టండి, కంటి డాక్టరుకు పంపండి. ఒక్కసారిగా నొప్పి పెరిగి కన్ను తెరవలేకపోతే, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనపడితే, ఆ రోజే పంపండి. చుక్క వేసేటప్పుడు కింది రెప్ప లాగి ఒక్క చుక్క చాలు. కన్ను మూయించి ముక్కు పక్కన మూల మీద రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచండి. రెండు మందులుంటే మధ్యలో పది నిమిషాలు ఆగండి. సీసా తెరిచిన నెలకు పారేయాలి. స్టెరాయిడ్ వేస్తున్నారని తెలిస్తే, కోప్పడకండి, భయపెట్టి ఉన్నపళంగా ఆపించెయ్యకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఒత్తిడి కొలిపించి, ఆయన చెప్పినట్టు తగ్గించాలి. అక్కడికి మీరు తోడు వెళ్తే ఇంకా మంచిది. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు" అని ఎవరైనా అడిగినప్పుడు జవాబు చెప్పడానికి ఆమె పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ పిల్లవాడికి ఇప్పుడు పదమూడేళ్లు. గ్లాకోమాకు చుక్కలు రోజూ పడుతున్నాయి. ఒత్తిడి అదుపులో ఉంది, మిగిలిన చూపు నిలిచింది. సదరం క్యాంపులో వికలాంగ ధ్రువపత్రం కోసం రెండుసార్లు తిరిగారు, మూడోసారికి వచ్చింది. వీకేసీ ఇంకా పూర్తిగా పోలేదు. వాళ్లమ్మ ఇప్పుడు ఏ సీసా ఎవరిచ్చినా ముందు ఊరి ఆశా కార్యకర్త దగ్గరికి పట్టుకెళ్తుంది. "ఇందులో అదుందా, సూడు" అంటుంది. చుట్టుపక్కల ఇళ్ల సీసాలు కూడా తనే పోగుచేసి తీసుకెళ్లింది. మొత్తం ఏడు.

వాటిలో రెండు ఆమె నాకిచ్చింది. ఇవిగో. చేతులు మార్చుకుంటూ చూడండి. కింద చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది. అందులో డెక్సా, బీటా, ప్రెడ్ అని మొదలయ్యే మాట ఉందేమో వెతకండి. ఇంగ్లీషు రానివాళ్లు పక్కవాళ్లను అడిగి ఆ అక్షరాల ఆకారం గుర్తుపెట్టుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకోండి, లేకపోతే కనపడవు. సీసాలు వెనక వరస దాకా వెళ్లాక ప్రశ్నలు మొదలుపెడదాం.